భృతి భిక్షము కాదు

పని పోయినవానికి రావలసిన నిరుద్యోగభృతిని అధికారి నిరాకరించినప్పుడు, దానిపై అప్పీలు చేసికొనుట మర్యాద కాదని మనలో కొందఱు పెద్దలు సెలవిచ్చుచున్నారు. ఇచ్చిన పుచ్చుకొనవలెనట, లేదన్న మరలిపోవలెనట! ఈ నీతి భిక్షమునకు చెల్లును. హక్కునకు చెల్లదని మా వాదము.

బ్రిటనులో 1911లో నిరుద్యోగ బీమా చట్టమును చేసినప్పుడు కార్మికుడు, యజమాని, ప్రభుత్వము మువ్వురును నిధికి సొమ్ము చెల్లింపవలెనని విధించిరి. వారము వారము తన కూలిలోనుండి కట్టిన సొమ్మును కష్టకాలమున కోరుట యాచన యెట్లగును? అధికారి లేదన్నచో యజమానుల పక్షమున నొకరు, కార్మికుల పక్షమున నొకరు, అధ్యక్షుడొకరు కూర్చుండు సభ యెదుట మొఱపెట్టుకొను మార్గమును ఆ చట్టమే చూపినది.

కాని మార్గమున్నంత మాత్రమున న్యాయము చేకూరదు. 1924 మొదలు, తాను నిజముగా పని వెదకుచున్నానని భృతి కోరు ప్రతివాడును ఋజువు చేయవలసివచ్చెను. గనులు మూతపడిన యూరిలో లేని పనిని వెదకితినని చెప్పిన నెవ్వరు సాక్ష్యమిత్తురు? సభ కూర్చున్నను ఋజువు భారము పేదవానిపైననే యుండెను. తుదకు 1930లో ఆ నిబంధనను తొలగించిరి.

సోమరులు మోసగింతురందురా? అందులకే విచారణ కావలెననుచున్నాము. న్యాయమైన విచారణలో మోసగాని మోసమును బయటపడును. అధికారి పొరపాటును బయటపడును. భృతి నిరాకరింపబడిన ప్రతివానికి నిష్పక్షపాత సభ యెదుట విచారణ కల్పింపవలెనని 1935 నాటి అమెరికా చట్టము రాష్ట్రములకు షరతు విధించినది.

మన దేశమున 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పని కోరిన 15 దినములలో పని చూపనిచో భృతి యీయవలెనని శాసించెను. ఆ దినములను లెక్కించుటకు ఆధారము తేదీ వేసిన రసీదు. నోటిమాటగా పని యడిగి, నోటిమాటగా లేదనిపించుకొని వచ్చిన కూలివాడు దేనిపై అప్పీలు చేయును? రసీదు లేనిచో కోరినట్లే లేదు. కోరనిచో నిరాకరణ లేదు. నిరాకరణ లేనిచో అప్పీలు లేదు. చిన్న కాగితపు ముక్క నీయకుండుటయే హక్కును హరించుటకు సులభోపాయము!

చదువరులారా! మీ వాకిట నిలిచి తన గోడు చెప్పుకొను కూలివానికి నాలుగు రూకలిచ్చి పంపుటతో మీ ధర్మము తీరదు. దరఖాస్తు వ్రాసిపెట్టుడు; రసీదు తీసికొనుమని చెప్పుడు; లేదన్నచో కారణమును కాగితముపై అడిగింపుడు; గడువు దాటకుండ అప్పీలు పంపింపుడు. ఇంతమాత్రమునకైన నక్కఱకు రాని మన చదువు ఎవరి కొఱకు?