పైకి నిండు, లోపల డొల్ల



‘కొవ్వొత్తి’ అనే మన తెలుగు మాటలోనే దాని పూర్వచరిత్ర ఉంది. ఒకప్పుడు పశువుల కొవ్వును కరగించి ఒత్తి చుట్టూ పోసి వెలిగించేవారు. ఉర్దూలో దానినే మోమ్‌బత్తీ అంటాము. మోమ్ అనగా మైనం. అల్జీరియా తీరాన బిజాయా అనే ఓడరేవు ఉంది. మధ్యయుగాలలో ఆ ముస్లిం నగరం నుండి తేనెమైనం ఐరోపాకు విరివిగా ఎగుమతి అయ్యేది. అందుకే ఫ్రెంచివారు కొవ్వొత్తిని నేటికీ ఆ ఊరి పేరుతోనే ‘బూజీ’ అని పిలుస్తారు. ఈ రోజులలో అంగళ్లలో దొరికే వాటిలో అధికభాగం పెట్రోలియం నుండి తీసిన పారఫిన్ మైనంతో చేసినవి. ఈ మాసం ఇంత చిన్న వస్తువును గురించి వ్రాయడానికి ఒక కారణం ఉంది.

2016లో జిల్లా కేంద్రమైన వికారాబాద్‌లో మా నివాసం; బోధన తాండూరులోని ఒక మదర్సాలో. మా విద్యార్థి ఒకడి తండ్రి నాపరాళ్లకు పాలిష్ పట్టే పనిచేసేవాడు. ఆయన మరణించిన తరువాత, ఇద్దత్ ముగించుకొని, ఆ పిల్లవాని తల్లి కుట్టుపనితో ఇల్లు నడుపుకొస్తున్నది. ఆ ఆదాయం చాలక ఇబ్బంది పడుతుంటే, హైదరాబాద్‌లో ఉండే ఆమె తమ్ముడు కొత్తగా నేర్చుకునేవారి కోసం అమ్మే కొవ్వొత్తుల కిట్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. అందులో కిలో మైనపు పలుకులు, ఆరు అచ్చులు, నూలు ఒత్తులు, థర్మామీటరు, రంగు బిళ్లలు, ఇంగ్లీషులో అచ్చయిన ఒక కాగితం ఉన్నాయి. ఆ కాగితం తప్ప తక్కినవన్నీ ఆమెకు ఉపయోగపడ్డాయి.

మొదటి కొవ్వొత్తులు ఆరింటిని పిల్లవాడు మా ఇంటికి తెచ్చాడు. నున్నగా, నిండుగా ఉన్నాయి. మా శ్రీమతి సంతోషంగా కొన్నది. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు ఒకటి వెలిగించాము. సగం వరకు చక్కగా వెలిగింది. ఆ తరువాత కరిగిన మైనమంతా ఒక్కసారిగా లోపలికి జారిపోయింది. ఒత్తి బయటపడి మంట పెద్దదై పొగ చిమ్మింది. చివరకు ఒత్తి ఒరిగి, ప్రక్కగోడ కరిగి, మైనం బల్లమీదికి పారింది. కొవ్వొత్తి నడుమ వేలు దూరేంత డొల్ల ఉన్నది.

“పాపం, ఆమె కష్టం మనకు తెలియనిదా? ఈ డబ్బు సదఖా అనుకుందాం. ఏమీ అనకండి” అన్నది మా శ్రీమతి. మేమూ సరేనన్నాము. పొరపాటు అక్కడే జరిగింది. మరుసటి వారం పిల్లవాడు వెలిగిపోతున్న ముఖంతో వచ్చి, “హజ్రత్, మామ ఇంకా మైనం పంపాడు. అమ్మీ నలభై చేసింది. వికారాబాద్‌లో ఒక అంగడికి ఇచ్చి వచ్చాము” అన్నాడు. మా మౌనం కరుణ అనుకున్నాము. అది నలభై ఇళ్లకు చేరబోతున్నదని అప్పుడు తెలిసింది.

మర్నాడే మా శ్రీమతి మాతోపాటు రైలులో తాండూరు వచ్చింది. మేము పిల్లవానితో వసారాలో కూర్చున్నాము; ఆడవారిద్దరూ లోపల మాట్లాడుకున్నారు. “చెల్లీ, ఒక మాట చెబుతాను, నొచ్చుకోవద్దు” అని మా శ్రీమతి మొదలుపెట్టగానే ఆమె కంటతడి పెట్టిందట. “నాకు తెలుసు ఆపా. చల్లారాక నడుమ గుంట పడుతున్నది. పైన ఇంత మైనం పోసి కప్పేశాను. చూపుకు బాగుంటే చాలనుకున్నాను. పిల్లవాని ఫీజు కట్టాలి.”

మహాప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన సంఘటన మనమందరం విన్నదే. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా ఉంది. వర్షం పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన భాగాన్ని జనం చూసేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) నిలదీసి, మోసాన్ని తీవ్రంగా ఖండించారు. గమనించండి: వాన కురవడం ఆ వర్తకుని తప్పు కాదు. మైనం కుంచించుకుపోవడం ఈ సోదరి తప్పూ కాదు. లోపం రావడం వేరు, లోపాన్ని కప్పడం వేరు.

ఆ సాయంత్రం ఇంగ్లీషు కాగితాన్ని పిల్లవాడు చదువుతుంటే తెలుగులో వివరించాము. ఇంటివద్ద ఈ పని చేయదలచిన సోదరీమణుల కోసం అందులోని సారాన్ని, తరువాత మేము తెలుసుకున్నదానిని ఇక్కడ వ్రాస్తున్నాము.

అచ్చులో ఎంత మైనం పడుతుందో ముందుగా నీటితో కొలవాలి. 100 మిల్లీలీటర్ల నీరు పట్టే అచ్చుకు సుమారు 90 గ్రాముల మైనం సరిపోతుంది. కొలిచిన పిదప అచ్చును పూర్తిగా ఆరబెట్టాలి; తడి ఉంటే వేడి మైనం చిటపటమని చిందుతుంది. మైనం గిన్నెను నేరుగా పొయ్యిపై పెట్టరాదు. నీరు మరిగే మరొక పాత్రలో ఉంచి కరగించాలి. అచ్చు అడుగు రంధ్రం గుండా ఒత్తిని లాగి, బంకముద్దతో మూసి, పైన ఒక పుల్లకు బిగుతుగా కట్టాలి. పారఫిన్‌ను సాధారణంగా 80 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో పోస్తారు. అయినా కిట్‌పై వ్రాసిన అంకెనే పాటించాలి. గట్టిదనం కోసం కలిపే స్టియరిక్ ఆమ్లాన్ని పశువుల కొవ్వు నుండీ, పామ్ నూనె నుండీ కూడా తీస్తారు. పామ్ నూనెదని తెలుసుకొని కొనడం మేలు.

ఇక అసలు విషయం. అచ్చు గోడను తాకిన మైనం ముందుగా గట్టిపడుతుంది, నడుమ ఉన్నది చివరగా. చల్లారేకొద్దీ మైనం కుంచించుకుపోతుంది గనుక ఆ లోటంతా ఒత్తి చుట్టూ డొల్లగా మిగులుతుంది. పైన పొర కట్టగానే ఒత్తి ప్రక్కన పొడవాటి సూదితో రెండు మూడు చోట్ల లోతుగా గుచ్చాలి. కొంతసేపటికి, మొదటిసారికంటే కాస్త వేడిగా కరగించిన మైనాన్ని ఆ రంధ్రాలలో నింపాలి. అవసరమైతే మరోసారి. ఆమె పోసినదీ మైనమే. అయితే డొల్లను నింపడానికి కాదు, మూయడానికి పోసింది. రెండు పనులకూ పట్టేది ఒకే చెంచాడు మైనం కావచ్చు. భేదం సూదితో గుచ్చి చూసే ధైర్యంలో ఉంది.

ఆమె అంగడి నుండి సరుకు వాపసు తెప్పించింది. నలభైలో ముప్పై ఏడు తిరిగి వచ్చాయి. అన్నింటినీ విరిచి, ఒత్తులు తీసి, మళ్లీ కరగించింది. మైనం వృథా కాలేదు. అమ్ముడుపోయిన మూడింటికి బదులుగా మూడు మంచివి అంగడివానికి ఇచ్చి, కొన్నవారు అడిగితే ఇవ్వమన్నది. ఇప్పుడు ప్రతి విడతలో ఒకదానిని తానే చివరివరకు వెలిగించి చూశాకనే తక్కినవి పంపుతున్నది.

మేము నేర్చుకున్నదీ ఒకటుంది. సదఖా ఇవ్వదలిస్తే అది సదఖాగానే ఇవ్వాలి. చెడ్డ సరుకును మంచిదన్నట్లు కొని ఊరుకుంటే, ఆ పేదరాలికి నాలుగు రూపాయలు దక్కుతాయి గాని వృత్తి దక్కదు. సత్యం చెప్పడం కూడా ఆమెకు మనం బాకీపడిన హక్కే.

చివరగా ఒక జాగ్రత్త. మైనానికి నిప్పంటుకుంటే నీళ్లు చల్లరాదు. పొయ్యి ఆర్పి మూతపెట్టాలి. కరిగిన మైనాన్ని తూములో పారబోయరాదు. పిల్లలను దగ్గరికి రానీయవద్దు. ఎలుక ఒత్తిని ఈడ్చుకుపోయి ఇంటికి నిప్పు పెట్టవచ్చునని, నిద్రించే ముందు దీపాలు ఆర్పమని మహాప్రవక్త (స) చేసిన బోధ ఈ కరెంటు యుగంలోనూ ప్రతి కొవ్వొత్తికీ వర్తిస్తుంది.

అల్లాహ్ మన ఇళ్లలోని చిన్న చిన్న సంపాదనలలో నిజాయితీని, బర్కత్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.