పట్టేవాడికీ చప్పట్లు కొడదాం



సాయంత్రం మన హాస్టల్ గ్రౌండ్‌లో కబడ్డీ మొదలైతే అందరికీ కూతకు వెళ్లాలనే ఉంటుంది. పాయింట్లు తెచ్చినవాడిని భుజాలకెత్తుకుంటాం. మూలన నిలబడి కాలు పట్టినవాడి పేరు తెల్లారేసరికి ఎవరికీ గుర్తుండదు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం.

బొగ్గుబాయిలో పనిచేసిన మన తాతలను, తండ్రులను అడగండి. ఫిల్లర్ నింపిన టబ్బులకు లెక్క ఉండేది. కప్పు కింద దుంగలు నిలబెట్టిన టింబర్‌మన్ పని లెక్కకు కనపడదు. కప్పు కూలకుండా ఉండటమే అతని పనితనం. కబడ్డీలో డిఫెండర్ కూడా అంతే.

ఇది మన ఆటకే పరిమితం కాదు. కెనడా ఫుట్‌బాల్‌లో జట్టుకు 12 మంది. పది గజాలు ముందుకు పోవడానికి ఎదుటి జట్టుకు మూడే అవకాశాలు. వాళ్లను గీత దగ్గరే అడ్డుకునే లైన్‌మన్‌కు కూడా పేరు తక్కువే, దెబ్బలు ఎక్కువే.

కానీ గెలిపించేది ఎవరు? 1990 నుంచి 2014 దాకా ఆసియా క్రీడల పురుషుల కబడ్డీలో ఏడుసార్లూ స్వర్ణం మనదే. 2018 జకార్తాలో సెమీఫైనల్‌లోనే ఇరాన్ 27-18తో ఓడించింది. మనవాళ్లను 18 పాయింట్ల దగ్గరే ఆపేసింది. అదే ఇరాన్‌కు చెందిన డిఫెండర్ షాద్లూయిని ప్రో కబడ్డీ 2023 వేలంలో పుణేరి పల్టన్ 2 కోట్ల 35 లక్షలకు తీసుకుని టైటిల్ కొట్టింది. 2024లో హర్యానా స్టీలర్స్ తీసుకుంది, అదీ గెలిచింది. రెండింటికీ అదే తొలి టైటిల్!

అయితే తమ్ముళ్లకు ఒక మాట. 2022లో పవన్ సెహ్రావత్ మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. అయినా మరుసటి ఏడు తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి తీసుకుంది. అప్పటికే అతనికి పేరుంది కాబట్టి సరిపోయింది. పేరు రాకముందే మన మోకాలు పోతే ఆదుకునేదెవరు? అందుకే ఆట ఆడండి, పుస్తకం మాత్రం వదలకండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు నా మనవి. ప్రతి ఏటా కప్పులు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి నాలుగు జతల మోకాలి పట్టీలు కూడా ఇప్పించండి. వార్షికోత్సవంలో ఉత్తమ డిఫెండర్‌కు ఒక బహుమతి పెట్టండి.

మూలన నిలబడ్డ ఆ తమ్ముడి పేరు ఒక్కసారైనా మైకులో వినపడనివ్వండి.