బండివాడికి పేరేది?

‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’ పేరెత్తితే చాలు, మన పుస్తకాల మిత్రులది ఒకటే పాట. పరాయి ఊరు మనుషుల్ని మారుస్తుందట, ముక్కూమొహం తెలీని ఇద్దర్ని కలుపుతుందట, ఇటలీ వెళ్లబట్టే లూసీకి ప్రేమంటే ఏంటో తెలిసిందట. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఫార్‌స్టర్ 1908లో వేసిన ఆ నవల ఇంకోసారి చదవండి బాబూ.

ఫ్లోరెన్స్‌లో లూసీ దిగిన బసలో భోజనాల బల్ల చుట్టూ అందరూ ఇంగ్లిష్ వాళ్లే. గోడ మీద విక్టోరియా రాణి పటం. నడిపే ఆవిడది లండన్ యాస. నది కనబడే గదులిస్తామని ఇవ్వలేదని గొడవ. తమ గదులు తీసుకోమన్న ఎమర్సన్‌లు, ఆ తండ్రీకొడుకులు కూడా ఆ దేశం వాళ్లే. వీళ్లా అపరిచితులు? జార్జ్‌ది రైల్వే ఆఫీసులో ఉద్యోగం, లూసీది కలిగినవాళ్ల ఇల్లు. సొంతూళ్లో అయితే పలకరించుకోరు, అంతే తేడా. ఆ తేడా మీద నవల బాగానే నడుస్తుంది, ఒప్పుకుంటా.

మరి ఇటలీ వాళ్లు? ఐదు లీరాల బాకీ తగువులో ఒకడు కత్తిపోటుకి పోతాడు. వాడికి పేరు లేదు. వాడి నోట్లోంచి రక్తం కారాలి, అది చూసి లూసీ పడిపోవాలి, జార్జ్ పట్టుకోవాలి. రక్తం అంటిన ఆమె ఫోటోలని అతను నదిలో పారేస్తే మనం ‘అబ్బ, ఎంత రొమాంటిక్!’ అంటాం.

ఫార్‌స్టర్‌కి ఇది తెలీదని కాదు. నా పోట్లాట ఆయనతో సగమే, మిగతా సగం మనతో. ఫియెసోలె కొండకి వెళ్తుంటే బండివాడు తన పిల్లని చెల్లెలని చెప్పి పక్కన కూచోబెట్టుకుంటాడు. ముద్దాడుతూ దొరికిపోతారు. చర్చి పెద్దమనిషి ఈగర్ ఆ పిల్లని దింపించేస్తాడు. ముసలి ఎమర్సన్ వద్దన్నా వినడు. కాసేపటికి అదే బండివాడు లూసీని వయొలెట్ పూల మధ్య ఉన్న జార్జ్ దగ్గరికి తీసుకెళ్తాడు. తన ముద్దుని చెడగొట్టిన బృందంలోని అమ్మాయి ముద్దుకి తనే దారి చూపించాలన్నమాట! దింపేసిన పిల్ల ఏమైందో మనలో ఎవరం అడగం.

మనం రాస్తున్నదీ ఇదే కదా. డల్లాస్‌లో తెలుగబ్బాయికి తెలుగమ్మాయే తగులుతుంది. మంచు పడుతుంది, క్యాబ్ వస్తుంది. క్యాబ్ నడిపే మనిషికి పేరుండదు, ఊరుండదు, ఇంట్లో ఎదురుచూసే వాళ్లుండరు.

నేనూ అలాంటి కథొకటి రాశాను. అందులో ప్రేమంతా ఒక కాఫీ షాపులో నడుస్తుంది. మొన్న తీసి చూసుకున్నా. పన్నెండు పేజీల్లో కాఫీ ఇచ్చే ఆవిడ గురించి నేను రాసింది రెండు మాటలు: ‘నల్లావిడ నవ్వింది.’