గడ్డి పెట్టాల్సింది గుర్రానికా, కొన్నవారికా?

కార్తిక పౌర్ణమితో పుష్కర్ సంత ముగుస్తుంది. అక్కడ మార్వాడీ గుర్రాన్ని బేరమాడి, లారీ ఎక్కించి, మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో దించుకున్న దొరలారా, ఇది మీకే. కోపమొస్తే రానివ్వండి.

సుడులు వెతికారు. గొంతు కింద దేవమణి అనే అదృష్ట సుడి ఉందా అని తడిమారు. చెవి కొనలు కలుస్తున్నాయా అని వంగి వంగి ఫొటోలు తీశారు. లక్షలు పోశారు. మరి అది నిన్నటిదాకా ఏం తిన్నదో అమ్మినవాణ్ణి అడిగారా? అడగలేదు. కారు కొంటే పెట్రోలా డీజిలా అని అడుగుతారే!

ఇక చలి మొదలైంది, మీ ప్రేమ పొంగింది. బాదం, నెయ్యి, అచ్చు బెల్లం, తొట్టి నిండా మొక్కజొన్న. "ఒంట్లో వేడి పుట్టాలి కదండీ" అంటారు. ఎవరు చెప్పారు? వీడియోలో తలపాగా చుట్టుకున్న ఒక ఉద్దండుడు చెప్పాడు. చలికాలంలో గుర్రాన్ని వెచ్చగా ఉంచేది గింజ కాదు, గడ్డి. ఆ పీచు పెద్దపేగులో గంటల తరబడి పులుస్తుంది, ఆ పులిసేటప్పుడే వేడి పుడుతుంది. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకు 8 కిలోల దాకా మంచి ఎండుగడ్డి కావాలి, అదీ పగలూ రాత్రీ కొంచెం కొంచెంగా నములుతూ ఉండాలి. దాని పొట్ట పట్టేది 8 నుంచి 15 లీటర్లే. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. మీరు ఒక్కసారిగా కుమ్మరించిన గింజలు అరక్కుండా పెద్దపేగుకు జారి, అక్కడ పులిసి ఆమ్లమై, చివరికి గిట్టల్లో వాపై కూర్చుంటాయి. అప్పుడది అడుగు తీసి అడుగు వెయ్యలేదు. మీరేమో "దిష్టి తగిలింది" అని నిమ్మకాయలు కడతారు.

గడ్డి అన్నాను గనక వరిగడ్డి మోపులు దించేయకండి. అందులో కడుపు నింపే పీచే తప్ప సత్తువ లేదు. ఆవుల కోసం వేసిన సూపర్ నేపియర్‌నే దీనికీ కోసి పడేసి, పైన తవుడు చల్లే తెలివిమంతులూ ఉన్నారు. నేపియర్‌లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు, తవుడులోని భాస్వరం ఆ లోటును ఇంకా పెంచుతుంది. ఆవు తట్టుకుంటుంది. గుర్రం మాత్రం తన ఎముకల్లోని కాల్షియాన్నే తోడుకుంటుంది, నెలలు గడిచేసరికి మొహం ఎముకలు ఉబ్బుతాయి. కోళ్ల దాణా మిగిలిందని వేశారా, అందులో కోళ్లకు కలిపే మోనెన్సిన్ మందు ఉంటే గుండే ఆగిపోతుంది. పొదుపంటే ఇదేనా?

ఎండబెట్టిన గరిక, ఓట్ గడ్డి, పక్కన కొంచెం లూసర్న్, నాకడానికి ఉప్పుగడ్డ. పని చేయించేటప్పుడు ఉడికించిన ఉలవలు గుప్పెడు. అంతే, ఇందులో ఫొటోకు పనికొచ్చేదేమీ లేదు. మోపు విప్పగానే దుమ్ము లేచి బూజు వాసన కొడితే అవతల పారేయండి. పాత మేత ఒక్కరోజులో మాన్పించకండి, పది పదిహేను రోజులు కొత్తదాన్ని కాస్త కాస్త కలుపుతూ మార్చండి. దాని పేగులోని సూక్ష్మజీవులకు మీ హోదా తెలియదు.

ఒక లాయంలో చూశాను: గుర్రం మీద జరీ అంచు దుప్పటి, దాని ముందు పాచి పట్టిన తొట్టిలో చేతికి జివ్వుమనే నీళ్లు. చలికి గుర్రం నీళ్లు తగ్గిస్తుంది, పేగులో ఎండుమేత గడ్డకడుతుంది, ఇక శూలే. గోరువెచ్చని నీళ్లు పెట్టమంటే యజమానికి నామోషీ, సాయిసుకు బద్ధకం. దుప్పటికి మాత్రం దర్జీ దొరికాడు!

అయినా హైదరాబాద్ చలి ఒక చలా? లంబసింగి కొండల్లో మంచు కురిసే పొద్దున బియ్యం బస్తాలు మోసే గుర్రానికి బాదం ఎవరు పెడుతున్నారు? దాని కష్టం వేరు, అది డొక్కలు కనబడేలా బక్కచిక్కుతుంది, అక్కడ కావలసింది కడుపు నిండా మేత. మీ గుర్రానికి మాత్రం మీ ఆర్భాటమే రోగం.

నన్ను తిట్టుకోండి, గుర్రాల దళారులతో కలిసి మరీ తిట్టుకోండి. కానీ ధైర్యముంటే రేపు పొద్దున ఫోన్ లోపల పెట్టి, చీపురు మీరే పట్టుకుని లాయంలోకి వెళ్లి లద్దె ఎత్తండి. చిన్న చిన్న గట్టి ఉండలుగా ఉందా, రాత్రి నుంచి అసలు వెయ్యనే లేదా? గుర్రం డొక్కవైపు తిరిగి తిరిగి చూసుకుంటూ కాలితో నేల గీరుతోందా? అయితే బెల్లం ముక్క కోసం కాదు, పశువుల డాక్టరు కోసం పరిగెత్తండి.