తెల్లబట్టను సిగ్గుపడి దాచవద్దు



కడుపుతో ఉన్నప్పుడు తెల్లబట్ట కొంచెం ఎక్కువ కావడం సహజం. పలుచగా, పాలరంగులో, దురద, దుర్వాసన లేకుండా ఉంటే భయపడనక్కర లేదు.

యోనిలో మేలుచేసే సూక్ష్మజీవులు ఉంటాయి. పాలను పెరుగు చేసే వాటికి ఇవి దగ్గరి చుట్టాలే. గర్భకాలంలో పెరిగే హార్మోనుల వల్ల వీటికి ఆహారం బాగా దొరికి, పుల్లని ఆమ్లం తయారుచేస్తాయి. ఆ పులుపే చెడు క్రిములకు అడ్డుగోడ. సబ్బుతోగాని, డెట్టాలుతోగాని లోపల కడిగితే ఆ గోడ కూలుతుంది. పైన మంచినీళ్లతో కడుక్కుంటే చాలు. పలాస జీడిపిక్కల పనిలో రోజంతా కూర్చునే చెల్లెళ్లు వదులైన నూలు బట్టలు కట్టుకోవాలి.

విరిగిన పాలలా ముద్దలుగా అవుతూ దురద పెడితే అది బూజు జబ్బు. చేపల నీచు వాసన వస్తే పులుపు తగ్గిందన్నమాట. దీనివల్ల నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. రెంటికీ మందులున్నాయి. కిడ్నీ జబ్బుల బాధ ఎరిగిన మన ఉద్దానంలో మూత్రపు మంటను కూడా అశ్రద్ధ చేయరాదు.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. అక్కడ నోరువిప్పి చెప్పండి. నీరు కారినా, రక్తం కనిపించినా తేదీ కోసం ఆగక వెంటనే 108కి ఫోను చేయండి.