తత్త్వశాస్త్రం చదువుతానన్న పిల్ల కోసం

గోండ్వానా విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,

గడ్చిరోలి జిల్లా అహేరి నుంచి రాస్తున్నాను. మా మేనకోడలు ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో మరాఠీలో చదివింది. బీఏ అయ్యాక తత్త్వశాస్త్రంలో ఎంఏ చేస్తానంది. ఒక బయటి విశ్వవిద్యాలయం ‘ఈ శాస్త్రమే ఎందుకు?’ అని ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాయమంది. జిరాక్స్ షాపు బల్ల మీద కూర్చొని నాలుగు కాగితాలు రాసి కొట్టేసింది. “మామా, నాకు ప్రశ్న తెలుగుల వచ్చింది, ఇంగ్లిష్‌ల ఎట్ల రాయాలె?” అంది. ఆమె ప్రశ్న ఇది: చనిపోయిన తాతకిచ్చిన మాట తప్పితే అన్యాయం జరిగేది ఎవరికి? అంత మంచి ప్రశ్న కాగితం మీదికి రాకుండానే గడువు దాటిపోయింది.

గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల కోసం 2011లో ఏర్పడిన విశ్వవిద్యాలయం మీది. దరఖాస్తుల వేళ అహేరిలో, సిరొంచలో ఒక్క వారమైనా తెలుగు, మరాఠీ, గోండి తెలిసిన అధ్యాపకులను కూర్చోబెట్టండి. ఫారాలు నింపడానికి నెట్ సెంటర్లున్నాయి. పిల్లలు అడిగేది ఓపిగ్గా విని, అదే తత్త్వశాస్త్రమని చెప్పేవాళ్లు కావాలి. గుంటూరు జిల్లా పల్లెలో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రమే బోధించి, 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆ సంగతి మా పిల్లకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెడుతుంది. అప్పటికల్లా ఈ ఏర్పాటు చేయండి.

అహేరి నుంచి ఒక మేనమామ