వాన రోజున బడి ఎలా ఉందో పిల్లలే చెప్పాలి

తమిళనాడులో తిరుత్తణి తాలూకాలోని కే.జీ.కండిగై చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నడిమికి మొదలై డిసెంబరు దాకా కురుస్తాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తిరువళ్లూరు జిల్లాను ఎంత అతలాకుతలం చేసిందో ఇక్కడివారికి గుర్తే. బడి కట్టడం గట్టిదో కాదో తేలేది ఆ రోజుల్లోనే. తనిఖీకి అధికారి ఎండ రోజున వస్తే స్లాబు పొడిగానే కనిపిస్తుంది. ఏ మూల ఉరుస్తుందో, ఏ కిటికీ పక్కనున్న బెంచీని వాన పడగానే జరపాలో తెలిసింది రోజూ అక్కడ కూర్చునే పిల్లలకే. వాళ్ల మాటే ఏ కాగితం మీదా ఉండదు.

ఇది చిన్న లోపం కాదు. స్లాబులోకి నీరు దిగితే లోపలి ఇనుప కమ్మీలు తుప్పుపడతాయి. తుప్పుపట్టిన కమ్మీ ఉబ్బుతుంది, కింది కాంక్రీటును నెట్టేస్తుంది, పెచ్చులు రాలతాయి. అంటే పైకప్పు చెప్పాపెట్టకుండా కూలడం అరుదు. ముందు తడి మరక, తర్వాత సన్నని పగులు, ఆ తర్వాత బల్ల మీద సున్నపు పొడి. ఈ గుర్తులన్నీ మొదట కంటపడేది పిల్లలకే.

2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ బడి కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పైనుంచి గులకరాళ్లు రాలుతున్నాయని ముందే చెప్పామని బతికిన పిల్లలు విలేకరులతో అన్నారు. ఆ మాటను వెంటనే పట్టించుకునే ఏర్పాటు ఉండి ఉంటే? తమిళనాడులోనూ 2021 డిసెంబరు 17న తిరునెల్వేలిలోని ఒక ఎయిడెడ్ పాఠశాలలో మరుగుదొడ్డి గోడ కూలి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతే రాష్ట్రమంతటా శిథిల కట్టడాల లెక్క తీసి కూల్చే పని ఊపందుకుంది.

చట్టానికి లోటు లేదు. 2004లో కుంభకోణం బడి అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లలు చనిపోయాక సాగిన కేసులో, విద్యాహక్కులో భద్రమైన బడి కూడా ఉందని సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో తేల్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం అన్ని కాలాలకూ తట్టుకునే కట్టడం, టీచరుకొక తరగతి గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరు మరుగుదొడ్లు, మంచినీరు, ఆటస్థలం, ప్రహరీగోడ ఉండి తీరాలంది. డబ్బు మాటా ఎత్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ‘నాడు–నేడు’, తెలంగాణలో 2022లో ‘మన ఊరు – మన బడి’ పేరుతో బడులను బాగుచేసే పథకాలు మొదలయ్యాయి. తమిళనాడు 2022–23 బడ్జెట్‌లో పేరాశిరియర్ అన్బళగన్ పథకం కింద ఐదేళ్లలో 7,000 కోట్లు వెచ్చిస్తామని ప్రకటించింది. అయితే ఏ బడికి ముందు, ఏ గదికి ముందు అన్న వరుస తేల్చేటప్పుడు విద్యార్థి సాక్ష్యం ఉండడం లేదు.

విద్యార్థి గొంతు విప్పితే ఏమవుతుందో అమెరికా చరిత్రలో ఉంది. వర్జీనియా రాష్ట్రం ఫార్మ్‌విల్‌లో నల్లజాతి పిల్లల హైస్కూలును 180 మంది కోసం కడితే, 1951 నాటికి 450 మందికి పైగా చేరారు. తారు కాగితం కప్పిన షెడ్లలో పాఠాలు చెప్పేవారు. 1951 ఏప్రిల్ 23న 16 ఏళ్ల బార్బరా జాన్స్ తోటి విద్యార్థులను కూడగట్టి సమ్మె చేయించింది. ఆమె కోరింది మంచి కట్టడం. ఆ సమ్మెలోంచి పుట్టిన దావా, బడుల్లో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో ఒకటైంది.

తిరుత్తణి సీమలో దీనికి మరో కోణం ఉంది. అంతకుముందు చిత్తూరు జిల్లాలో ఉండిన ఈ తాలూకా, ఆంధ్ర–మద్రాసు సరిహద్దుపై పటాస్కర్ చేసిన సిఫార్సులతో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఈ గడ్డపై ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. తమిళనాడు 2006 నాటి చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరైంది. తెలుగు మాధ్యమంలో చదివిన తల్లిదండ్రులకు ఆఫీసులో ఇచ్చే తమిళ అర్జీ రాయడం కష్టమైతే, ఆ ఇంట్లో రాయగలిగింది బడిపిల్లే. గది పరిస్థితి తెలిసిందీ ఆమెకే, దాన్ని అధికారి చదివే భాషలో పెట్టగలిగిందీ ఆమే. ఇంతకన్నా పనికొచ్చే సాక్షి ఎక్కడ దొరుకుతుంది?

పాఠశాల నిర్వహణ కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు ఉండాలని, కమిటీయే బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాలు మిగతా పాతికలో స్థానిక విద్యావేత్తలకో, ఆ బడి పిల్లలకో చోటిచ్చాయి. ఆ చోటును పిల్లలకే ఇవ్వాలి. తరగతికి ఒకరు చొప్పున వానాకాలమంతా గది గదికీ గమనించినవి రాస్తే, ఆ కాగితాన్ని కమిటీ తీర్మానానికి జతచేయాలి. ప్రాథమిక, ప్రాథమికోన్నత బడుల కట్టడాల మరమ్మతు పంచాయతీ యూనియన్‌ది, హైస్కూళ్లది ప్రజాపనుల శాఖది. అర్జీ ఎవరికి వెళ్లినా, ఏ గది ఎప్పటికి బాగుచేస్తారో రాతపూర్వకంగా జవాబు రావాలి. ఆగస్టు 15 గ్రామసభలో ఆ జవాబు చదివి వినిపిస్తే, ఈశాన్య వానలు దిగే లోపు స్లాబు ఉరవకుండా చేసేందుకు రెండు నెలల గడువుంటుంది.